ఒకే సాక్షి, మూడు సాక్ష్యములు: రాబర్ట్ స్పిట్జర్ పరిశోధనను మనము వాడుకొనిన తీరుపై ఒక విమర్శ

గత సంవత్సరము పశ్చిమ గోదావరి జిల్లాలో పరిచర్య చేయుచున్న మా పూర్వ విద్యార్థి ఒకరు మాకు ఉత్తరము వ్రాశారు. 2006లో మా పాస్టరల్ కౌన్సెలింగ్ తరగతిలో తాను వ్రాసికొనిన నోట్సు నుండి రెండు వాక్యములను ఎత్తి వ్రాసి, "అయ్యగారూ, ఇవి ఇప్పటికీ నిజమేనా?" అని అడిగారు. స్వలింగ ఆకర్షణ చికిత్సతో మారునని మనోవైద్యశాస్త్రమే ఒప్పుకొన్నదనియు, 1973లో దానిని రోగముల పట్టిక నుండి తీసివేయించిన వైద్యుడే 2003లో తన తప్పు తెలిసికొన్నాడనియు ఆ వాక్యముల సారాంశము. అవి ఆయన సొంత మాటలు కావు. మేము చెప్పి వ్రాయించినవే.

ఆయన వాటిని నమ్మి తన సంఘములోని ఒక కుటుంబమునకు చెప్పారు. కుమారుని విషయము తెలిసి తల్లిదండ్రులు రాత్రివేళ కాపరి ఇంటికి వచ్చినప్పుడు, "భయపడకండి, ఇది మారుతుందని డాక్టర్లే రాశారు" అన్నారట. తరువాత మూడు వారముల ఉపవాస ప్రార్థన, ఒక పట్టణములో ఒక వైద్యుడు, వేరొక రాష్ట్రములో ఒక కేంద్రము. రెండు సంవత్సరములు గడిచినవి, అర ఎకరము పొలము అమ్ముడుపోయినది. మధ్యలో ఒక ఆదివారము ఆ యౌవనస్థుడు సంఘము ముందు నిలిచి తాను మారితినని సాక్ష్యము కూడ చెప్పాడు. ఆరు నెలల తరువాత ఇల్లు విడిచి వెళ్లిపోయాడు.

ఆ ఉత్తరమునకు ఒక పుటలో జవాబు వ్రాయవచ్చుననుకొన్నాము గాని వ్రాయలేకపోయాము. వ్రాయ కూర్చున్నప్పుడు మేము ఉదహరించిన వ్యాసమును మేమే మొదటి పుట నుండి చివరి పుట వరకు చదువలేదని తెలిసినది. ఎవరో వ్రాసిన పుస్తకములో దాని సారాంశము చదివి తరగతిలో చెప్పాము. ఇప్పుడు చదివాము. దానికి ముందున్నవి, తరువాత వచ్చినవి కూడ చదివాము.

స్వలింగ సంబంధములను గూర్చి లేఖనము ఏమి బోధించుచున్నది అను ప్రశ్న ఈ వ్యాసములోనిది కాదు. ఆ ప్రశ్నకు వ్యాఖ్యానశాస్త్రములోను నీతిశాస్త్రములోను జవాబు వెదకవలెను. మన కళాశాలలోనే ఆ విషయమై ఏకాభిప్రాయము లేదు. ఇక్కడ మేము అడుగుచున్నది చిన్న ప్రశ్న. మనోవైద్యశాస్త్రము ఈ విషయములో ఏమి చెప్పినది, ఎప్పుడు, ఎందుకు మాట మార్చుకొన్నది? దాని సాక్ష్యమును మనము ఉన్నది ఉన్నట్లు చెప్పామా?

మాటల చిక్కు

ముందుగా ఒక మాట. మన ప్రసంగములలో ఈ అంశమంతటికి వాడబడు పదము "స్వలింగ సంపర్కము" ఒక్కటే. సంపర్కము అనగా క్రియ. వైద్యులు వాడు పదము క్రియను గూర్చినది కాదు; ఒక వ్యక్తికి ఎవరియెడల ఆకర్షణ కలుగునో దానిని గూర్చినది. దానిని మేము "లైంగిక మొగ్గు" అని వ్రాయుచున్నాము. తాను పురుషుడనా స్త్రీనా అని ఒకడు తన్ను తాను ఎరిగియుండు రీతి మూడవ సంగతి. దానిని "లింగ గుర్తింపు" అందుము. పదునారేండ్ల బాలుడు కాపరి వద్దకు వచ్చి తనకు కలుగు ఆకర్షణను గూర్చి చెప్పినయెడల, అతడు ఏ క్రియయు చేసియుండకపోవచ్చును. అయినను తెలుగులో అతనికి మనమిచ్చు పేరు క్రియ పేరే. ఈ గందరగోళము వలన వైద్యుల నిర్ణయములను మనము చదువునప్పుడే తప్పు చదివాము.

1973లో జరిగినది

అమెరికన్ మనోవైద్య సంఘము 1952లో మానసిక రోగముల నిర్ధారణ గ్రంథమును మొదట ప్రచురించినది. డి.ఎస్.ఎం. అను పొట్టి పేరుతో అందరికి తెలిసిన గ్రంథమదే. అందులో స్వలింగ ఆకర్షణ వ్యక్తిత్వ లోపముల క్రింద చేర్చబడినది. 1968 నాటి రెండవ ముద్రణలో లైంగిక విపరీతముల వరుసలో ఉండెను. ఇందుకు ఆధారమేమి? ముఖ్యముగా మనోవిశ్లేషకుల అనుభవము. 1962లో ఇర్వింగ్ బీబర్, ఆయన సహచరులు 106 మంది పురుషులను గూర్చి వెలువరించిన గ్రంథము ఆనాడు ప్రమాణముగా ఎంచబడినది. కుమారుని విడువక పట్టుకొను తల్లి, ఎడముగా నుండు తండ్రి, ఈ ఇద్దరి వలన ఈ స్థితి కలుగునని అది చెప్పినది. ఆ 106 మందియు మనోవిశ్లేషణ చికిత్సలో ఉన్నవారే. వారిని గూర్చిన వివరములు వ్రాసి ఇచ్చినవారు వారి వైద్యులే.

కాపరులకు ఇందులోని లోపము సులభముగా అర్థమగును. కలహముతో మన వద్దకు వచ్చు దంపతులను మాత్రమే లెక్కవేసి, వివాహమనునదే ఒక వ్యాధి అని వ్రాసినయెడల ఎట్లుండును? బీబర్ లెక్క అటువంటిది. వైద్యుని వద్దకు రాని వారిని చూచినవారు లేరు.

చూచినది ఈవెలిన్ హూకర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త. 1957లో ప్రచురితమైన ఆమె పరిశోధనలో చికిత్సలో లేని 30 మంది స్వలింగ ఆకర్షణగల పురుషులను, వయస్సు, విద్య, బుద్ధిసూచికలో వారికి సరితూగు మరి 30 మంది పురుషులను తీసికొని, ఆ కాలములో మనస్సును తెలిసికొనుటకు వాడబడిన సిరామరకల పరీక్ష మొదలైనవాటిని జరిపినది. పేర్లు తీసివేసి ఫలితములను ముగ్గురు నిపుణులకు ఇచ్చినది. ఏది ఎవరిదో వారు చెప్పలేకపోయారు. సర్దుబాటు విషయములో రెండు గుంపులకు తేడా కనిపించలేదు. రోగి ఎవరో రోగనిపుణుడే గుర్తుపట్టలేని రోగమును రోగమనుట ఎట్లు?

అయినను పట్టిక మారుటకు ఇంకను పదునారు సంవత్సరములు పట్టినది. 1970 నుండి ఆ సంఘపు వార్షిక సభలలో నిరసనలు జరిగినవి. 1972లో డాలస్ సభలో జాన్ ఫ్రయర్ అను మనోవైద్యుడు ముఖమునకు ముసుగు వేసికొని, గొంతు మార్చు మైకులో మాట్లాడుచు, తాను స్వలింగ ఆకర్షణగలవాడననియు మనోవైద్యుడననియు చెప్పాడు. పేరు చెప్పినయెడల ఉద్యోగము పోవునని ఆయన భయము.

రాబర్ట్ స్పిట్జర్ ఈ కథలోనికి వచ్చినది అప్పుడే. ఆయన ఆ సంఘపు నామకరణ సంఘములో సభ్యుడు. 1972లో న్యూయార్కులో ఒక సదస్సును నిరసనకారులు అడ్డగించగా, ఆయన వారితో మాట్లాడి, వారి మాట వినవలసినదని తలంచారు. ఆయన వేసికొనిన ప్రశ్న మానసిక రోగమనగా ఏమి అని. ఆయన ఇచ్చిన జవాబు: ఆ స్థితి క్రమముగా ఆ వ్యక్తికి బాధ కలిగింపవలెను, లేదా అతడు సమాజములో మెలగు శక్తిని సాధారణముగా చెరుపవలెను. స్వలింగ ఆకర్షణగల అనేకులలో ఈ రెండును లేవు గనుక అది తనంతట తాను రోగము కాదు. 1973 డిసెంబరు 15న సంఘపు ధర్మకర్తల మండలి దీనిని అంగీకరించినది.

ఇక్కడ మన ప్రసంగములలో తరచుగా వినబడు ఒక మాటను పరీక్షింపవలెను. "ఒత్తిడికి లొంగి ఓట్లు వేసి రోగమును రోగము కాదన్నారు" అని మేమును చెప్పియున్నాము. ఓట్లు వేసిన మాట నిజమే. 1974లో ఆ సంఘ సభ్యులందరి అభిప్రాయము సేకరింపగా సుమారు 58 శాతము మండలి నిర్ణయమును బలపరచారు. అయితే ఆ ఓటింగు కావలెనని విన్నపము పెట్టినవారు ఎవరు? ఆ నిర్ణయమును ఎదిరించిన మనోవిశ్లేషకులే. బీబర్ వారిలో ఒకరు. ఓడిపోయినవారు కోరిన ఓటింగును గెలిచినవారి కుట్రగా చెప్పుట అన్యాయము. నిరసనల ఒత్తిడి లేదని మేము అనుటలేదు, ఉన్నది. అయితే ఒత్తిడి వలన ప్రశ్న మేజాపైకి వచ్చినది. జవాబునకు ఆధారము హూకర్ పరిశోధన వంటివాటిలో అంతకు ముందే ఉండెను.

రెండవ వైపున ఉన్నవారు చేయు తప్పు కూడ చెప్పవలెను. 1973లో స్పిట్జర్ స్వలింగ ఆకర్షణ ఇతర ఆకర్షణతో సమానమైనదని గాని శ్రేష్ఠమైనదని గాని అనలేదు. రోగము అను పదమునకు అది సరిపోదు అన్నారు, అంతే. పైగా తన మొగ్గు విషయమై కలత పడువారికి వేరొక రోగనామమును ఉంచారు. 1980 నాటి మూడవ ముద్రణలో అది మరియొక పేరుతో నిలిచి, 1987లో తొలగింపబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న ఆమోదించిన పదవ వర్గీకరణలో స్వలింగ ఆకర్షణను తీసివేసినను, అటువంటి "కలత" పేరును ఉంచినది. పదకొండవ వర్గీకరణలోనే అది పోయినది. "నీకు ఈ మొగ్గు రోగము కాదు గాని, ఇది నీకు ఇష్టము లేదు గనుక చికిత్స చేయుదుము" అను తలుపు ఈ విధముగా చాలకాలము తెరచియుండెను. ఇంటివారు, సంఘము, ఊరు కలిసి ఒకనిని సిగ్గుపరచిన తరువాత అతనికి తన మొగ్గు ఎట్లు ఇష్టమగును? మన దేశములో కూడ 1980 దశకములో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రవర్తనా చికిత్సతో ఈ మొగ్గును మార్చు ప్రయత్నములను గూర్చిన వ్యాసములు వచ్చినవి.

2003 వ్యాసము

1999లో అదే మనోవైద్య సంఘపు సభ వెలుపల మరియొక నిరసన జరిగినది. ఈసారి నిలిచినవారు తాము స్వలింగ ఆకర్షణ నుండి మారితిమని చెప్పుకొనువారు. తమ వంటివారు లేరని వైద్యులు చెప్పరాదని వారి వాదము. స్పిట్జర్ వారితో కూడ మాట్లాడారు. ఇరువది ఏడు సంవత్సరముల క్రితము ఒక గుంపు మాట విన్నవాడు, ఇప్పుడు వేరొక గుంపు మాట విన్నాడు. ఈ గుణమును మేము గౌరవించుచున్నాము. తరువాత జరిగిన తప్పు వినుటలో లేదు; విన్నదానిని తూచిన పద్ధతిలో ఉన్నది.

ఆయన 200 మందిని ఎన్నుకొన్నారు: 143 మంది పురుషులు, 57 మంది స్త్రీలు. కనీసము ఐదు సంవత్సరములు నిలిచిన ఏదో కొంత మార్పు తమలో కలిగినదని చెప్పువారినే తీసికొన్నారు. ఒక్కొక్కరితో ఫోనులో సుమారు ముప్పావు గంట తానే మాట్లాడారు. చికిత్సకు ముందు సంవత్సరము ఎట్లుండిరి, ఇప్పుడు ఎట్లున్నారు అని అడిగారు. పురుషులలో 66 శాతము, స్త్రీలలో 44 శాతము ఇప్పుడు స్త్రీపురుష సంబంధములో బాగుగా ఉన్నామని చెప్పారు. 2001 మే నెలలో ఆ ఫలితములను న్యూ ఆర్లీన్స్‌లోని సభలో చదివారు; 2003 అక్టోబరులో ఆర్కైవ్స్ ఆఫ్ సెక్సువల్ బిహేవియర్ అను పత్రిక దానిని ప్రచురించినది. అదే సంచికలో ఇతర పండితుల వ్యాఖ్యలు 26 ఉన్నవి. వాటిలో తీవ్రమైన ఆక్షేపణలు అనేకము. మేము మా తరగతిలో 66 శాతము అని చెప్పాము. 26 వ్యాఖ్యలున్నవని చెప్పలేదు.

ఆ 200 మంది ఎక్కడనుండి వచ్చారు? మారినవారి కొరకు నడుపబడు మతపరమైన పరిచర్యల ద్వారా 43 శాతము, ఆ చికిత్స చేయు వైద్యుల సంస్థ ద్వారా 23 శాతము. తమ జీవితములో మతము మిక్కిలి ముఖ్యమని 93 శాతము చెప్పారు. ఇటువంటి మార్పును సమర్థించుచు బహిరంగముగా మాట్లాడినవారు 78 శాతము.

ఈ చివరి అంకె చూచినప్పుడు మేము చాలసేపు ఆగిపోయాము. మనకంటె బాగుగా దీనిని ఎవరు అర్థము చేసికొనగలరు? సాక్ష్యము చెప్పుట అనగా ఏమో కాపరికి తెలుసు. ఉజ్జీవ సభలో వేదిక ఎక్కి "నాలో ఈ బలహీనత పోయినది" అని చెప్పినవాడు అబద్ధికుడు కాడు. ఆ గడియలో అతడు నమ్మి, దేవుని మహిమ నిమిత్తమే చెప్పుచున్నాడు. త్రాగుడు మానితినని సాక్ష్యము చెప్పి, పండుగ రాకముందే మరల పడిపోయినవారిని మన సంఘములన్నియు ఎరుగును. అందుచేత ఆ మనిషిని మనము అసహ్యించుకొనము. అయితే అతని సాక్ష్యమును వైద్యశాల రికార్డుగా కూడ వాడుకొనము. వేదిక ఎక్కి పదుగురి ముందు మారితినని చెప్పినవాడు, మరుసటి సంవత్సరము ఫోను చేసిన ప్రొఫెసరుతో మారలేదని చెప్పుట ఎంత కష్టము! అతని పేరు, అతని ఉద్యోగము కూడ, కొందరి విషయములో, ఆ మాట మీదనే నిలిచియుండెను. అమెరికా మనోవైద్యుడు దీనిని పట్టించుకొనకపోవుటను క్షమింపవచ్చును. మేము పట్టించుకొనకపోవుట ఎట్లు?

విమర్శకుడుగా ఒక సంగతి గమనించుచున్నాము. బీబర్ తప్పు, స్పిట్జర్ తప్పు ఒక్కటే. మొదటివాడు చికిత్స కొరకు వచ్చినవారిని చూచి అందరును రోగులన్నాడు. రెండవవాడు చికిత్స వలన మారితిమని చెప్పుటకు ముందుకు వచ్చినవారిని చూచి కొందరు మారుదురన్నాడు. ప్రయత్నించి విఫలులైనవారు ఎందరు? ఈ లెక్క లేనిది శాతము అను మాటకు అర్థము లేదు. నూరు మంది ఒక మందు త్రాగగా బ్రదికిన ఆరుగురిని మాత్రమే పిలిచి అడిగినయెడల, ఆ మందు నూటికి నూరుపాళ్లు పనిచేయును.

స్పిట్జరు వ్రాసినదానికంటె మేము ఎక్కువ చెప్పితిమని కూడ ఒప్పుకొనవలెను. అటువంటి మార్పు బహుశా అరుదు అనియే ఆయన అన్నారు. గట్టిగా కోరుకొన్న ప్రతివాడును మారగలడని అనుకొనుట పొరపాటని హెచ్చరించారు. ఆ హెచ్చరిక మా నోట్సులో లేదు. మాకు అందిన పుస్తకములోను లేదు.

2012 ఉత్తరము

2012 వసంతములో గాబ్రియేల్ అరానా అను పత్రికా రచయిత స్పిట్జర్ ఇంటికి వెళ్లాడు. అరానా తన యౌవనమున అటువంటి చికిత్సలోనే గడపినవాడు. ఆ సంభాషణలో స్పిట్జర్ తన పరిశోధనపై వచ్చిన విమర్శలు చాలవరకు సరియైనవేనని ఒప్పుకొన్నారు. ఆ సంవత్సరమే, ఎనుబదేండ్ల వయస్సులో, పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుచు, తన వ్యాసమును ప్రచురించిన పత్రికకే ఉత్తరము వ్రాశారు. చెప్పువారి మాట నిజమా, తమ్మును తాము మోసపుచ్చుకొనుటయా అని తేల్చు మార్గము తన పరిశోధనలో లేదనియు, ఆ లోపము సవరింపరానిదనియు అందులో ఒప్పుకొన్నారు. ఆ చికిత్స పనిచేయునని రుజువు లేని మాట చెప్పినందుకు స్వలింగ ఆకర్షణగల వారిని క్షమాపణ అడిగారు. తన వ్యాసమును నమ్మి కాలమును శక్తిని పోగొట్టుకొనినవారిని ప్రత్యేకముగా క్షమాపణ అడిగారు. 2015 డిసెంబరు 25న ఆయన మరణించారు.

పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరింపలేదు. అది ఇప్పటికిని గ్రంథాలయములలో ఉన్నది. దాని ప్రక్కన ఉత్తరమును వెదకి చదువు బాధ్యత పాఠకునిదే. ఆ తరువాతి సంవత్సరము, 2013 జూన్‌లో, 1976 నుండి ఈ మార్పు పరిచర్య జరిగించిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవ సంస్థ మూయబడినది. దాని అధ్యక్షుడు అలన్ ఛేంబర్స్ కూడ క్షమాపణ చెప్పారు. తాను కలిసికొనిన వారిలో నూటికి తొంబది తొమ్మిది మందికి పైగా మొగ్గు మారలేదని ఆయన అంతకు ముందే ఒప్పుకొనియుండెను. 2009లో అమెరికన్ మనస్తత్వ శాస్త్ర సంఘపు నివేదిక కూడ, మొగ్గును మార్చు ప్రయత్నములు పనిచేయునని చెప్పుటకు తగిన ఆధారము లేదనియు, హాని కలుగు అవకాశమున్నదనియు తేల్చినది.

సామెతలు 18వ అధ్యాయములో, మొదట వాదించినవాని మాట న్యాయముగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చి పరీక్షించునంతవరకే అట్లుండుననియు ఒక మాట ఉన్నది. ఇక్కడ మొదట వాదించినవాడును, వచ్చి పరీక్షించినవాడును ఒక్కడే. మేము అతని మధ్య మాటను మాత్రమే పట్టుకొన్నాము. 1973లో అతడు మాట్లాడినప్పుడు "ఒత్తిడికి లొంగినవాడు" అన్నాము. 2003లో అదే మనిషిని "నిజాయితీగల శాస్త్రజ్ఞుడు" అన్నాము. 2012లో మాట్లాడినప్పుడు ఏమియు అనలేదు. ఆ ఉత్తరము వచ్చిన తరువాత కూడ మరి నాలుగు బ్యాచ్‌ల విద్యార్థులు మా వద్ద అదే నోట్సు వ్రాసికొన్నారు. తొమ్మిదవ ఆజ్ఞను మేము పొరుగువానిపై కోర్టులో చెప్పు అబద్ధమునకే పరిమితము చేసి బోధించుచు వచ్చాము.

లింగ గుర్తింపు: వేరొక చరిత్ర

లింగ గుర్తింపు విషయములో వైద్యుల దారి వేరు. రెంటిని కలిపి చెప్పరాదు. డి.ఎస్.ఎం.లో ఈ విషయమైన రోగనామములు 1980లో, అనగా స్వలింగ ఆకర్షణ తొలగిన తరువాత, క్రొత్తగా చేరినవి. 1994 ముద్రణలో "లింగ గుర్తింపు లోపము" అను పేరుండెను. 2013 నాటి ఐదవ ముద్రణలో ఆ పేరు తీసివేసి, తన దేహమునకును తన గుర్తింపునకును పొసగక కలుగు బాధకు మాత్రమే పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్వీకరించి 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన పదకొండవ వర్గీకరణలో దీనిని మానసిక రోగముల అధ్యాయము నుండి లైంగిక ఆరోగ్యమునకు సంబంధించిన అధ్యాయమునకు మార్చినది. పూర్తిగా తీసివేయలేదు; తీసివేసినయెడల చికిత్స కోరువారికి వైద్యము, బీమా దొరకుట కష్టమగును. మతి చెడినవారను ముద్ర పోవలెను, వైద్యము మాత్రము ఉండవలెను అని వారి ఉద్దేశము.

ఇందులో ఇంకను తెగని ప్రశ్నలున్నవి. ముఖ్యముగా పిల్లల విషయము. 2024 ఏప్రిల్‌లో ఇంగ్లండులో డాక్టర్ హిలరీ కాస్ సమర్పించిన నివేదిక, యౌవన మార్పులను ఆపు మందులను పిల్లలకిచ్చుటకున్న ఆధారములు బలహీనమైనవని చెప్పినది. అనేక వైద్య సంఘములు దానితో ఏకీభవింపలేదు. ఇది పిల్లల వైద్యమును గూర్చిన వివాదము. దీనిని పట్టుకొని "చూచితిరా, మనోవైద్యులు అంతయు తప్పని ఒప్పుకొన్నారు" అని వేదికపై చెప్పినయెడల, 2003 వ్యాసముతో చేసిన పనినే మరల చేసినవారమగుదుము.

మన ప్రాంతములో ఈ ప్రజలను అనుమానించినది వైద్యశాస్త్రముకంటె ముందుగా చట్టము. నిజాము కాలములో 1919లో వచ్చిన హైదరాబాదు చట్టమొకటి హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో వ్రాయించి, స్త్రీ వేషములో బహిరంగముగా కనబడినవారిని వారంటు లేకుండ పట్టుకొనుటకు అధికారమిచ్చినది. తెలంగాణ హైకోర్టు దానిని 2023 జూలైలో కొట్టివేయువరకు అది చట్టముల పుస్తకములో నిలిచే యుండెను. మన బైబిలు ఈ విషయములో వాడు పదము "నపుంసకుడు". వీధిలో అది తిట్టు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు రథమెక్కి కూర్చున్నది ఆ పేరుగల మనిషి ప్రక్కనే. యెషయా 56లో దేవుని ఇంటిలో పేరు వాగ్దానము చేయబడినదియు వారికే. ఆ భాగములపై ప్రసంగించునప్పుడు ఐతియొపీయుడన్న మాటను మనము గట్టిగా పలుకుదుము, రెండవ మాటను మెల్లగా దాటివేయుదుము.

వైద్యుని పట్టిక, కాపరి మాట

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వచ్చుచున్నాము. మనోవైద్యులు పట్టిక మార్చిరి గనుక సంఘము తన నీతి బోధను మార్చవలెనా? అట్లని మేము చెప్పుటలేదు. లోభము డి.ఎస్.ఎం.లో లేదు, అది పాపము కాదని ఎవరైన అన్నారా? మానసిక కృంగుదల ఆ గ్రంథములో ఉన్నది. అది పాపమని మనము ఎన్ని ఇండ్లలో చెప్పి ఎందరిని మందులు మాన్పించాము! ఆ పట్టిక రోగమేదో చెప్పుటకు వ్రాయబడినది. పాపమేదో చెప్పుటకు వ్రాయబడలేదు. దాని నుండి నీతిని తీసికొనువాడు, అది ఏ వైపుకైనను, ఆ గ్రంథము ఇవ్వని దానిని దానినుండి దొంగిలించుచున్నాడు. సంఘము ఏమి బోధింపనున్నదో తన గ్రంథములోనుండి, తన ప్రార్థనలోనుండి, తన ప్రజల మాట వినుటలోనుండి చెప్పవలెను. "డాక్టర్లే రాశారు" అని అరువు తెచ్చుకొని చెప్పరాదు, ఆ డాక్టరు తన వ్రాతను వెనుకకు తీసికొనినప్పుడు అసలే చెప్పరాదు.

రోగమని చెప్పుట, బాగగునని మాట ఇచ్చుట, ఈ రెండును ఇక మన దేశములో కాపరి నోట రాదగినవి కావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక రోగనిర్ధారణ అంగీకృతమైన వైద్య ప్రమాణముల ప్రకారమే జరుగవలెననియు, సమాజపు నీతికి గాని మతవిశ్వాసమునకు గాని సరిపడకపోవుట దానికి ఆధారము కారాదనియు స్పష్టముగా చెప్పినది. భారత మనోవైద్య సంఘము 2018లో స్వలింగ ఆకర్షణ రోగము కాదని ప్రకటించినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు 377వ సెక్షన్ క్రింద పెద్దల మధ్య సమ్మతితో జరుగునది నేరము కాదన్నది. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు ఈ మొగ్గును వైద్యముతో మార్చు ప్రయత్నములను నిషేధించగా, దాని వెంబడి 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్సను వైద్యులకు వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించినది. కాపరి ఒక యౌవనస్థుని "మార్చు డాక్టరు" వద్దకు పంపినయెడల, ఆ డాక్టరును తన వృత్తి ధర్మము మీరుమని అడుగుచున్నాడు.

మరి ఆ రాత్రి వచ్చిన తల్లిదండ్రులతో ఏమి చెప్పవలెను? మేము ఒక సూత్రము ఇవ్వలేము. వారిని కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చి, కుమారుడు భోజనము చేయుచున్నాడా, నిద్రపోవుచున్నాడా, చనిపోవుదునను మాట ఎన్నడైన అన్నాడా అని అడుగుట మొదటి పని. అన్నయెడల వెంటనే మంచి మనోవైద్యుని వద్దకు పంపవలెను. మొగ్గు మార్చుటకు కాదు, ప్రాణము నిలుపుటకు. మిగిలిన మాటలకు వేరొక రోజు ఉన్నది.

మా నోట్సులోని ఆ పుట తీసివేశాము. 2004 నుండి ఆ తరగతిలో కూర్చున్నవారి చిరునామాలు కార్యాలయములో వెదకి, దొరికినవారికి సవరణ పుట పంపుచున్నాము. కొన్ని కవరులు చిరునామా మారినదని తిరిగి వచ్చినవి. పశ్చిమ గోదావరికి వ్రాసిన జవాబులో ఇంకొక సంగతి చేర్చాము. ఆయన ఉత్తరము చివర, ఆ తల్లి ఇప్పటికిని తన అతిగారాబము వలననే కుమారుడు ఇట్లయ్యెనా అని స్త్రీల సమాజములో ఏడ్చుచున్నదని వ్రాశారు. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పినదో మాకు తెలుసు. 1962 నాటి బీబర్ మాట అది, మా నోట్సు మూడవ పుటలో ఉండెను. పెంపకము వలన ఇది కలుగునని రుజువు లేదనియు, 2019లో నాలుగు లక్షల డెబ్బది వేలకు పైగా మనుష్యుల జన్యువులను పరీక్షించినవారికి కూడ ఏ ఒక్క కారణము దొరకలేదనియు, ఆమె చేసిన తప్పేమియు లేదనియు వ్రాశాము. ఆదివారము ఆరాధన అయిన తరువాత వారి ఇంటికి వెళ్లి ఆ పుటను ఆమెకు చదివి వినిపించెదనని ఆయన ఫోను చేసి చెప్పారు.